బాడుగ వ్యాను – మన జాగ్రత్త

(కడంబత్తూరులో జరిగిన మన సంఘ సమావేశమున ఒక వర్తక సోదరుడు చేసిన ప్రసంగ పాఠము)



భాష, బడి, గ్రంథాలయము మొదలగు విషయములను ఈ వేదికపై తరచుగా వినుచున్నారు. నేడు నేను బాడుగ వ్యానును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది చిల్లర విషయమని తలపవలదు. ఇది ప్రాణములకు సంబంధించిన విషయము.

దక్షిణ దేశమున 1856లో రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు వేసిన మొదటి రైలుదారి మన ఊరి మీదుగనే పోవుచున్నది. ఒకరిద్దరు తిరుపతికి వెళ్లవలెనన్న అరక్కోణము, తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట మీదుగ రైలున పోవుటయే మేలు. కాని ముసలివారు, చంటిబిడ్డలు, పెండ్లి సారె ఉన్నప్పుడు వ్యాను తప్పదు. పైగా మన చుట్టరికములు ఒక్క రాష్ట్రమున ఇమిడియుండలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును చేరినవి. ఎల్లలు మారినవి గాని వియ్యములు మారలేదు. అందుచేత మనము మాట్లాడు వ్యాను తరచుగా ఎల్ల దాటవలసిన వ్యానే.

మొదట ముఖ్యమైన మాట. మనుష్యులకు మనుష్యుల బండి, సామానునకు సామాను బండి. మన వీధులలో ‘కుట్టియానై’ అని పిలుచు చిన్న సరుకు బండిని అందరు ఎరుగుదురు. బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయించుటకు తిరుత్తణి కొండకు పోవునప్పుడు, దానిలో జంపఖానా పరచి ఇరువది మందిని కూర్చుండబెట్టి పంపుట మనము చూచుచున్నదే. బాడుగలో కొంత మిగులును, నిజమే. ఆ మిగులు ఎంత ప్రియమైనదో వినుడు.

సరుకు బండిలో ప్రయాణము చేసినవారికి నష్టపరిహారమిచ్చు బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తీర్పు చెప్పినది. 1994లో చట్టమును సవరించి, బండిలోని సరుకు యజమానికి గాని, అతని తరఫున వచ్చు మనిషికి గాని మాత్రమే ఆ రక్షణ కల్పించిరి. తక్కినవారు గాయపడినను, మరణించినను బండి యజమానిని పట్టుకొనవలసినదే. అతనికి ఆస్తి ఆ బండియే. అది ప్రమాదమున నుగ్గయియుండును. ఇక ఆ కుటుంబమునకు దిక్కెవరు?

రెండవది, నంబరు పలక రంగు. పసుపు పలకపై నల్ల అక్షరములున్న బండి బాడుగకు తిరుగుటకు అనుమతి గలది. తెల్ల పలక సొంత వాడుకకు సంబంధించినది. తెలిసినవాడే కదా యని తెల్ల పలక వ్యానును బాడుగకు తీసికొన్నచో, ప్రమాదము జరిగిన దినమున బీమా కంపెనీ ఆక్షేపణ తెలుపును. పర్మిట్టు లేక బండి నడపినందుకు 2019 నాటి సవరణ ప్రకారము మొదటి తప్పునకే పదివేల రూపాయల జరిమానా కలదు. దారిలో బండిని నిలిపివేసినచో ముహూర్తము మన కొరకు ఆగదు.

మూడవది, ఎల్ల. నగరి పోవలెనన్నను, శ్రీకాళహస్తి పోవలెనన్నను, ఆంధ్రమున చెల్లునట్టి పర్మిట్టు బండికి ఉండవలెను. అఖిల భారత టూరిస్టు పర్మిట్టు ఉన్నదా, లేనిచో ఆ ఖర్చు ఎవరిది, అని అచ్చారము ఇచ్చుటకు ముందే అడుగుడు. పర్మిట్టు, బీమా, ఎఫ్.సి. గడువు తేదీలను కన్నులార చూడుడు. తూకము చూడక బియ్యము కొనని మనము, కాగితము చూడక పదునైదు ప్రాణములను బండి ఎక్కించుట ఏమి న్యాయము?

నాలుగవది, బేరము. నోటి మాటతో మొదలైన బాడుగ జగడముతో ముగియును. బాడుగ దినమునకా, కిలోమీటరునకా? లెక్క మన వాకిటి నుండియా, బండి షెడ్డు నుండియా? డ్రైవరు బత్తా, టోలు, రాత్రి నిలిచినందుకు ఇచ్చునది బాడుగలో చేరినవా, వేరా? దారిలో బండి చెడినచో మారు బండి ఎవరు తెచ్చెదరు? ఈ ప్రశ్నలకు జవాబులను ఒక తెల్లకాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేసిన చాలును.

ఇల్లు మారువారికి ఒక మాట. సామానుల జాబితా రెండు ప్రతులు వ్రాసి, ఎక్కించునప్పుడును దించునప్పుడును సరిచూడుడు. నగలు, దస్తావేజులు, బిడ్డల సర్టిఫికెట్లు చేతి సంచిలోనే ఉంచుకొనుడు. కూలి ఎక్కించుటకు మాత్రమేనా, దించుటకు కూడనా అని ముందే తేల్చుకొనుడు. సామానుతో ఒక్కరు డ్రైవరు ప్రక్కన కూర్చుండి పోవచ్చును. ఇంటిల్లిపాదియు బీరువాల నడుమ కూర్చుండరాదు.

చివరగా డ్రైవరును గురించి. దినమునకు ఎనిమిది గంటల పని యని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము చెప్పినది. మనమో తెల్లవారుజామున తిరుమల, సాయంకాలము కాళహస్తి, రాత్రికి ఇల్లు అందుము. అతడును ఒక తల్లి బిడ్డయే. మనకు దర్శనమైనంతసేపు అతనిని నిద్రపోనిండు. వేళకు భోజనము పెట్టించుడు. రాత్రి చాలా ప్రొద్దుపోయినచో సత్రమున నిలిచి ఉదయము బయలుదేరుడు. ఆ ఒక్క రాత్రి ఖర్చునకు వెనుదీయవలదు.

నా మనవి ఒకటి. సంఘము ఒక పుస్తకము పెట్టి, మన చుట్టుపట్ల పసుపు పలక వ్యానుల వివరములను, వాని బీమా, ఎఫ్.సి. తేదీలను, తీసికొన్న బాడుగను, ప్రయాణము చేసివచ్చినవారి అభిప్రాయమును అందులో వ్రాయించవలెను. బాడుగ పూర్తిగా భరింపలేని కుటుంబములు ఒకే దినమున తిరుత్తణికి పోదలచినచో, వారిని కలిపి ఒక మంచి వ్యాను కుదిర్చిపెట్టవలెను. పేదరికము వలన ఎవరును సరుకు బండి ఎక్కకుండునట్లు చూచుట మన సంఘమునకు తగిన పని. ఈ పుస్తకము వ్రాయుటకు యువకులు ఇద్దరు నేడే ముందుకు రావలెనని కోరుచున్నాను.