పరాయి దేశం నుంచి కడసారి ప్రయాణం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ పూట ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. అమెరికాలో నువ్వు చేసే సేవ గురించి చెప్పమని కమిటీ వారు అడిగారు. టెక్సాస్‌లో తెలుగువాళ్లెవరైనా చనిపోతే వాళ్లను ఇంటికి పంపే పనిలో కొన్నేళ్లుగా సాయపడుతున్నాను. పేటలో ఇప్పుడు ఏ వీధికెళ్లినా విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు కనబడతాయి. అందుకే ఈ మాటలు ఇక్కడే చెప్పాలనుకున్నాను.

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి విద్వేషంతో కాల్చి చంపారు. దేశమంతా కదిలింది. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ అధికారులు అక్కడికి వెళ్లారు. అయినా పార్థివదేహం శంషాబాద్ చేరేసరికి 27వ తేదీ రాత్రయింది. అన్ని వైపుల నుంచీ సాయం అందినప్పుడే అన్ని రోజులు పట్టింది. మామూలు కుటుంబానికి వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఎందుకింత ఆలస్యమని ఇక్కడి వాళ్లు అడుగుతారు. ఆకస్మిక మరణమైతే దేహం ముందు మెడికల్ ఎగ్జామినర్ చేతిలో ఉంటుంది. ఆ పరీక్ష అయ్యాకే ఫ్యూనరల్ హోమ్‌కు ఇస్తారు. వాళ్లు దేహం పాడవకుండా ఎంబామింగ్ చేస్తారు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, పెట్టెలో దేహం తప్ప మరేమీ లేదనే ప్రమాణపత్రం తయారవ్వాలి. కాన్సులేట్ పాస్‌పోర్టును రద్దు చేసి నిరభ్యంతర పత్రం ఇస్తుంది. అప్పుడు విమానంలో కార్గోగా బుక్ చేస్తారు. ఇక్కడ దిగాక ఎయిర్‌పోర్టు ఆరోగ్యాధికారి అనుమతి కావాలి. 2023 ఆగస్టులో మన ప్రభుత్వం ఈ అనుమతి కోసం ఈ-కేర్ అనే ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చింది. ఇక శంషాబాద్ నుంచి నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా రోడ్డు ప్రయాణం. ఈ చివరి దారికి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉచితంగా అంబులెన్సు ఏర్పాటు చేస్తుంది. ఈ సంగతి తెలియక అప్పు చేసి బండి మాట్లాడుకున్న వాళ్లను చూశాను.

ఒకసారి మన పక్క ఊరి మిర్చి రైతు కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. తండ్రి రోజూ ఫోన్ చేసేవాడు. నాలుగో రోజున అడిగాడు: "బాబూ, వాళ్లమ్మ మొహం చూడొచ్చా?" చూడకపోవడమే మంచిదని ఫ్యూనరల్ హోమ్ వారు చెప్పారు. ఆ మాటే ఆయనకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చెయ్యన్నా కనపడేటట్టు చేయగలరా" అన్నాడు. కుడిచెయ్యి పైకి కనిపించేలా సర్ది, మిగతాదంతా తెల్లటి గుడ్డతో కప్పి పంపారు. ఇంటి దగ్గర పెట్టె తెరిచాక ఆ తల్లి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుందని తర్వాత తెలిసింది.

అందుకే ఇంటివాళ్లకు నిజం చెప్పాలి. "రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు" అని ఊరడించడం మంచికే అనిపిస్తుంది గానీ, ఎదురుచూసేవాళ్లను అదే ఎక్కువ నలిపేస్తుంది.

ఇంకో కుటుంబం అక్కడే దహనం చేయించి అస్థికలు తెప్పించుకుంది. దానికి మరణ ధ్రువపత్రం, దహన పత్రం, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం ఉంటే చాలు. కలశం మాత్రం చెక్కదో ప్లాస్టిక్‌దో అయితే ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో ఇబ్బంది ఉండదు. అమరావతి దగ్గర కృష్ణలో కలిపారు. "కడసారి చూపు కూడా లేకుండా చేశారు" అని బంధువులు దెప్పారట. పోయిన మనిషిని ఎలా సాగనంపాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. మనం ఏ దారైనా సుగమం చేయాలే గానీ తీర్పు చెప్పకూడదు.

గల్ఫ్ సంగతి వేరు. సౌదీలో దహనానికి వీల్లేదు. ఇంటికి పంపాలి, లేదా వారసుల సమ్మతితో అక్కడే ఖననం చేయాలి. ఆ దేశ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం దేహాన్ని పంపే ఖర్చు యజమానిదే. ఇది తెలియక ఇక్కడ పొలం తాకట్టు పెట్టకండి. ఎంబసీకి వారసుల సమ్మతి పత్రం, అధికార పత్రం పంపాలి. ఇబ్బంది ఎదురైతే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఇక్కడ మన మాస్టార్లకు ఒక మనవి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఒకటి, తండ్రి ఆధార్‌లో ఇంకొకటి ఉంటే ఆ కష్టకాలంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. రిజిస్టరులో పేరు రాసేటప్పుడు మీరు తీసుకునే శ్రద్ధ ఇంత దూరం పనికొస్తుంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. పిల్లల ఇన్సూరెన్సులో దేహాన్ని స్వదేశానికి పంపే ఖర్చు ఉందో లేదో చూడండి. జె-1 వీసా వారికి 25,000 డాలర్ల మేర అది తప్పనిసరి. ఎఫ్-1 విద్యార్థులకు ఫెడరల్ నిబంధనేదీ లేదు, కాబట్టి యూనివర్సిటీ పాలసీ చదివించుకోండి. పాస్‌పోర్టు కాపీ, ఇన్సూరెన్సు నంబరు, రూమ్మేట్ ఫోను, యూనివర్సిటీ లేదా కంపెనీ ఫోను ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. అశుభం అనుకోవద్దు. పొలానికి పాస్‌పుస్తకం దాచుకోవడం లాంటిదే ఇది కూడా.

మన సంఘాన్ని అడిగేది ఒక్కటే. ఒక్కో దేశంలో ఇద్దరు, పేటలో ఇద్దరు పూర్వ విద్యార్థులు ఈ పనికి ఒప్పుకోవాలి. అక్కడివాళ్లు కాగితాలు చూస్తారు, ఇక్కడివాళ్లు ఆ ఇంట్లో కూర్చుని ఫోన్లు ఎత్తుతారు. మొదటి పేరుగా నాది రాసుకోండి. మిగతా పేర్లు ఈ సభ ముగిసేలోపు కమిటీకి ఇవ్వమని వేడుకుంటున్నాను.