సేవ ఆగినా కబురు ఆగకూడదు



కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, తెలుగు భాషలన్నింటిలోనూ అనువాదం లేకుండానే చెల్లిపోతున్న మాట ఒకటి ఉంది: ‘సర్వర్ డౌన్’. జనన ధ్రువపత్రానికో, ఆస్తిపన్ను చెల్లింపుకో ఒక పూట కూలి వదులుకొని వచ్చిన మనిషి గంటసేపు వరుసలో నిలబడి, తీరా కౌంటర్ దగ్గరకు చేరాక ఈ మాట వింటాడు. యంత్రం ఆగిపోవడాన్ని ఆపడం అన్నివేళలా స్థానిక కార్యాలయానికి సాధ్యం కాదు. ఆగిన సంగతి వరుసలోని చివరి మనిషికి ఎంత త్వరగా తెలుస్తుందన్నది మాత్రం కార్యాలయం చేతిలోనే ఉంటుంది. ఈ ప్రసంగం ఆ రెండవ విషయాన్ని గురించినది.

తెర కదలకపోతే గుమాస్తా మొదట తన కంప్యూటర్‌నే అనుమానిస్తాడు. దానిని ఆపి మళ్ళీ నడుపుతాడు. తరువాత పక్క కౌంటర్‌ను అడుగుతాడు. ఆపైన సాంకేతిక సహాయకునికి ఫోన్ చేస్తాడు. అదే ప్రశ్నతో మరి నలుగురు చేసిన ఫోన్లతో ఆ లైను ఖాళీ ఉండదు. ఆ సేవను నడిపే సంస్థ అంతరాయాన్ని అప్పటికే తన స్టేటస్ పేజీలో ప్రకటించి ఉండవచ్చు. అయితే కౌంటర్‌లో కూర్చున్నవారు ఆ పేజీని తెరిచి చూసే అవకాశం తక్కువ. అందుచేత సిబ్బంది రోజంతా మాట్లాడుకునే చోటికే, అంటే స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, గూగుల్ చాట్ వంటి బృంద సంభాషణ యాప్‌లోకే, ఆ కబురు దానంతట అది వచ్చే ఏర్పాటు అవసరం.

ఇందుకు మార్గాలు రెండు. సేవాసంస్థ స్టేటస్ పేజీకి చందాదారుగా చేరడం మొదటిది. అనేక స్టేటస్ పేజీలు ఈమెయిల్‌తో పాటు ఆరెస్సెస్ ఫీడ్‌ను కూడా ఇస్తాయి. ఆ ఫీడ్ చిరునామాను యాప్‌లో జతచేస్తే ప్రతి ప్రకటనా గ్రూపులో కనిపిస్తుంది. పరిశీలన జరుగుతోంది, కారణం తెలిసింది, సరిచేసి గమనిస్తున్నారు, పరిష్కారమైంది అనే నాలుగు దశలుగా ఈ ప్రకటనలు సాధారణంగా వస్తాయి. రెండవ మార్గం సొంత పర్యవేక్షణ. ఒక చిన్న ప్రోగ్రాం నిమిషానికోసారి సేవను పలకరించి, జవాబు రాకపోతే వెబ్‌హుక్ ద్వారా గ్రూపుకు సందేశం పంపుతుంది. వెబ్‌హుక్ అంటే ఆ గ్రూపుకు కేటాయించిన ప్రత్యేక వెబ్ చిరునామా. అది చేజిక్కినవారు ఎవరైనా దొంగ హెచ్చరికలు పంపగలరు కాబట్టి దానిని తాళంచెవి వలె భద్రపరచాలి.

హెచ్చరికలు రావడంతోనే పని పూర్తి కాదు. ఒక్కసారి జవాబు ఆలస్యమైతే చాలు, గంట మోగించే ఏర్పాటు కొద్ది రోజుల్లోనే ‘నాన్నా, పులి’ కథగా మారుతుంది. నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ తల తిప్పి చూడరు. వరుసగా రెండు మూడుసార్లు జవాబు రాకపోతేనే సందేశం వెళ్ళాలి. పండుగ శుభాకాంక్షల మధ్య మునిగిపోకుండా హెచ్చరికలకు వేరే గ్రూపు ఉండాలి. ప్రతి పూటకూ ఒక బాధ్యుని పేరు ముందే నిర్ణయమై ఉండాలి. అందరూ చూసిన సందేశాన్ని ఎవరో ఒకరు పట్టించుకుంటారులే అని అందరూ అనుకునే ప్రమాదం ఉంది. సందేశంలో ఏది ఆగింది, ఏది నడుస్తోంది, తదుపరి సమాచారం ఎప్పుడు అనే మూడు సంగతులు తప్పనిసరి. ‘ఉదయం 10.40: పన్ను చెల్లింపు ఆగింది, ధ్రువపత్రాల సేవ నడుస్తోంది, తదుపరి కబురు 11.10కి’ అన్నంత క్లుప్తత చాలు. దానినే బాధ్యుడు స్థానిక భాషలన్నింటిలో బయటి బోర్డుపై రాయించగలడు.

అన్నిటికంటె ముఖ్యమైన సూత్రం మరొకటి ఉంది. సేవ ఏ దారి మీద ఆధారపడిందో, ఆ సేవ ఆగిందన్న కబురు ఆ దారి మీదే ఆధారపడకూడదు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ వారి ఎస్‌3 నిల్వ సేవ దాదాపు 4 గంటలు దెబ్బతిన్నది. ఒక ఆదేశంలో దొర్లిన పొరపాటు వల్ల అనుకున్నదానికంటె ఎక్కువ సర్వర్లు తొలగిపోవడమే కారణం. సేవల స్థితిని చూపే బోర్డు నిర్వహణ కూడా ఎస్‌3 మీదే ఆధారపడి ఉండటంతో, మొదటి 2 గంటలపాటు సేవల వారీ స్థితిని అందులో మార్చలేకపోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు 6 గంటలు ఆగినప్పుడు ఆ సంస్థ ఇంజనీర్లు వాడే లోపలి పనిముట్లు కూడా మూగబోయాయి. 2022 అక్టోబరు 25న, భారతదేశంలో కార్యాలయాలు పనిచేసే మధ్యాహ్నవేళ, వాట్సాప్ దాదాపు 2 గంటలు పలకలేదు. 2021 జనవరి 4న స్లాకే కొన్ని గంటలు ఆగిపోయింది. కబురు మోసే బండి కూడా ఆగగలదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

కాబట్టి చాట్ గ్రూపుతో పాటు బాధ్యునికి ఎస్సెమ్మెస్ వెళ్ళే రెండవ దారి ఉండాలి. పర్యవేక్షణ ప్రోగ్రాం, అది గమనించే సర్వర్‌పైన కాక వేరొక చోట నడవాలి. కార్యాలయంలో కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోయిన రోజుకు ముఖ్యమైన ఫోన్ నంబర్ల కాగితం గోడపై ఉండాలి. నెలకొకసారి ముందుగా చెప్పి ఒక పరీక్షా హెచ్చరిక పంపి, అది బయటి బోర్డు దాకా చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క చూడాలి. అగ్నిమాపక పరికరాన్ని అప్పుడప్పుడు తనిఖీ చేయడం వంటిదే ఇది.

ఈ ఏర్పాటుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక గ్రూపు, ఒక బాధ్యుడు, ఒక బోర్డు, కొంత క్రమశిక్షణ ఉంటే చాలు. సేవ ఆగిందని పది నిమిషాల్లో తెలిసిన మనిషి పనికి తిరిగి వెళ్ళి ఆ పూట కూలి దక్కించుకోగలడు. గంట తరువాత తెలిసిన మనిషికి పనీ జరగదు, కూలీ దక్కదు. పౌరుని సమయానికి విలువ ఇవ్వడం కూడా పురపాలక సేవలలో ఒకటేనని గుర్తిస్తే ఈ సభ ఉద్దేశం నెరవేరినట్లే.