తీగతోనా, తీగ లేకుండానా?

నిస్తంత్రిని నమ్ముకొని బ్రతికే ఉద్యోగం మాది. మా మాట తీగ లేకుండానే మీ ఇంటికి చేరుతున్నది. అయినను కంప్యూటరు ముందు కూర్చుని ధ్వనిముద్రణలను సరిచేసేటప్పుడు నేను తగిలించుకొనేవి తీగ ఉన్న హెడ్‌ఫోన్లే. ఈ వైరుధ్యాన్ని మొన్న మునగాలలో మా మేనకోడలు పట్టుకొన్నది.

డిగ్రీ ముగించిన ఆ అమ్మాయి, ఇంటినుండియే చేయదగిన ఉద్యోగం కొరకు కంప్యూటరు మీద ఇంటర్వ్యూకు కూర్చున్నది. తలకు కొత్తగా కొన్న తీగలేని హెడ్‌సెట్. ముందునాడు పాటలు ఎంతో హాయిగా వినిపించినవి. తీరా తాను మాట్లాడవలసి వచ్చేసరికి అవతలివారి గొంతు డబ్బాలోనుండి వచ్చినట్లయినది. ఆమె గొంతు వారికీ అట్లే తోచినది కాబోలు, మూడుసార్లు మళ్ళీ చెప్పమన్నారు. ఉద్యోగం రాలేదు. నేరమంతా హెడ్‌సెట్‌దే అనను. కాని మరొక ఇంటర్వ్యూ వచ్చే వారమే ఉన్నది.

"వేలు పోసి కొన్నది మామయ్యా, అప్పుడే చెడిపోయిందా?" అని అడిగినది.

శాస్త్ర విషయాలు తెలుగువారికి తెలుగులోనే అందాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా ఉన్న ఊరు మునగాల. అక్కడ కూర్చుని నాలుగు ఇంగ్లీషు ముక్కలతో దాటవేయటం నాకు బాగనిపించలేదు.

అది చెడిపోలేదు. బ్లూటూత్‌కున్న దారి ఇరుకైనది. వినటం మాత్రమే అయితే ఆ దారినంతా పాటకే ఇస్తుంది. మైకు తెరవగానే రానూ పోనూ రెండు మాటలు అందులోనే నడవాలి. అప్పుడు ధ్వనిని కుదించివేస్తుంది. సంగీతానికి సెకనుకు 44,100 నమూనాలు పంపేది, సంభాషణకు 8,000తోనో 16,000తోనో సరిపెడుతుంది. 2020లో ప్రకటించిన కొత్త పద్ధతి ఈ లోపాన్ని చాలవరకు సవరిస్తున్నది గాని, కంప్యూటరుకు, హెడ్‌సెట్‌కు రెండింటికీ అది తెలిసి ఉండవలెను. లేదా ఒక చిన్న ఉపాయం కలదు: వినటానికి హెడ్‌సెట్‌ను, మాట్లాడటానికి ల్యాప్‌టాప్‌లోని మైకును ఎంచుకొంటే ధ్వని కుదించుకుపోదు. గది నిశ్శబ్దంగా ఉండాలి, అంతే. రహదారి పక్కన ఉన్న ఇంట్లో అది ఎంతవరకు సాధ్యమో మీరే ఊహించండి.

ఇక ఆలస్యం. మాట బ్లూటూత్ గుండా చెవికి చేరేసరికి సెకనులో పదవ వంతు మొదలు అయిదవ వంతు వరకు పట్టటం సామాన్యం. పాటకు అది తెలియదు. ఒక అక్షరాన్ని కోసి మరొకదానికి అతికే మావంటివారికి మాత్రం అది పెద్ద దూరం. వైఫై కూడా తరచు అదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో నడుస్తుంది కనుక, ఆ సందడిలో మాట మధ్యమధ్య తెగటమూ కద్దు. ఛార్జింగ్ సంగతి చెప్పనక్కరలేదు. ఇంటర్వ్యూ నడుమ బ్యాటరీ అయిపోతే ఎవరిని అడగగలము?

తీగది కొనేవారు పిన్ను చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా వినికిడికీ మైకుకూ ఒకే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. బల్లమీది కంప్యూటర్లకు తరచు ఆకుపచ్చది, గులాబిరంగుది అని రెండు వేరుగా ఉంటాయి. ఒంటిపిన్ను తెచ్చి అందులో గుచ్చితే వినపడుతుంది, మైకు పలకదు. యూఎస్‌బీ పిన్నుదైతే ఈ చిక్కు లేదు.

తీగ కుర్చీ చక్రం కింద పడి నలుగుతుంది, పిన్ను దగ్గర తెగుతుంది, ఒప్పుకోవలసినదే. గంటల తరబడి వింటూ లేచి తిరిగేవారికి తీగలేనిదే సుఖం. ఏదైనా శబ్దం మితంగా ఉండవలెను. పెద్దలకు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు, 90 అయితే నాలుగు గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అమ్మాయి కోదాడ వెళ్ళి యూఎస్‌బీ తీగది తెచ్చుకొన్నది. ఆ సాయంత్రమే పక్కగదిలో నేను ప్రశ్నలడుగుతుంటే జవాబులు చెప్పినది. ఒక్కమాట కూడా మళ్ళీ అడగలేదు. తీగలేనిదాన్ని మా చెల్లెలు తీసుకొన్నది. వంటింట్లో పనిచేసుకొంటూ పాటలు వింటున్నది.