వానయే బావికి ఊట



శంషాబాదు ప్రాంతము గ్రానైటు రాతి నేల. ఇచట నీరు పైపొరయందలి చివికిన రాతిలోను, దాని దిగువ పగుళ్లలోను మాత్రమే నిలుచును. కావున బోరు లోతైనంత మాత్రమున నీరు పెరుగదు. రైతునకు అప్పు పెరుగును.

పూర్వులు గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. పై చెరువు అలుగు దుమికిన నీరు దిగువ చెరువును నింపును. చెరువు నిండిన బావి ఊరును. 2008లో విమానాశ్రయము వచ్చిన పిదప అనేక పొలములు ఇండ్ల స్థలములయ్యెను. స్థలము చదును చేయునపుడు చెరువును నింపు కట్టుకాలువ పూడినచో, దిగువవారి బావి ఎండును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించెను. కాని కాలువ లేని చెరువునకు లోతు వలన ఫలమేమి?

రైతు వాలునకు అడ్డముగా దున్నవలెను. నీరు చాలని యేట వరి మాని జొన్న, కంది కలిపి విత్తవలెను. ఊరు కాలువను కాపాడవలెను. కాలువ పారిన నాడే బావి ఊరును.