ఓడినోళ్ల కథ అంటే చూశాం

(యువ కార్యకర్తల అధ్యయన తరగతిలో మాట్లాడిన మాటల పాఠం)



కూలి మానుకొని వచ్చి కూర్చున్న మీకు ఆకాశంలో ఓడ కథ చెప్పడమేంటని కొందరికి అనిపించొచ్చు. అయినా చెప్పాలి. మన పిల్లలు చదువుకొని హైదరాబాదు పోయారు, బెంగళూరు పోయారు, కొందరు అమెరికా కూడా పోయారు. అక్కడ దోస్తులు ‘ఇది చూడకపోతే నువ్వేం చూసినట్టు’ అని కొన్ని సీరియళ్లు వాళ్ల చేతుల్లో పెడుతున్నారు. పండక్కి ఊరొచ్చినప్పుడు వాళ్లు మనకి చెబుతున్నారు. అట్లా మా దాకా వచ్చిందే ‘ఫైర్‌ఫ్లై’. మిణుగురు అని అర్థం. ఆ ఓడ వెనక భాగం మిణుగురు లాగా వెలుగుతుంది.

అమెరికాలో ఫాక్స్ టీవీ వాళ్లు దీన్ని 2002 సెప్టెంబర్ 20న మొదలుపెట్టి ఆ డిసెంబర్‌కే ఆపేశారు. తీసినవి 14 భాగాలు, అప్పుడు చూపించినవి 11. మొదటి భాగంగా తీసినదాన్ని చివర్న చూపించారంటే వాళ్లకి దాని మీద ఎంత నమ్మకమో తెలుస్తూనే ఉంది. కానీ చూసినోళ్లు వదల్లేదు. చందాలేసుకొని పత్రికలో ప్రకటన ఇచ్చారు. 2003లో డిస్కులొస్తే ఎగబడి కొన్నారు. ఆ ఊపు చూసే 2005లో ‘సెరెనిటీ’ అని సినిమా తీశారు. 2007లో ఒక వ్యోమగామి ఆ డిస్కుల్ని ఏకంగా అంతరిక్ష కేంద్రానికే పట్టుకుపోయాడు. ఆగిపోయిన సీరియల్ కోసం జనం ఇట్లా కూడటం చూస్తే మాకు అసూయే కలిగింది. ఒక్క కరపత్రం ఖర్చుకి మనం ఎన్ని గడపలు తిరుగుతామో మీకు తెలుసు గదా!

ఇంత పేరు విన్నాక పద్నాలుగు భాగాలూ చూశాం, సినిమా కూడా చూశాం. చూశాక మిగిలింది ఒకటే మాట: ఇంతేనా?

బాగోలేదని మేం అనడం లేదు. ఓడ పాతది. ఎప్పుడు ఏ సామాను విరుగుద్దో తెలియదు. ఒక భాగంలో చిన్న సామాను ఒకటి కాలిపోతే గాలి ఆడక చచ్చే స్థితి వస్తుంది. ఓడలో తొమ్మిది మంది. పని దొరికితే తింటారు, లేకపోతే పస్తు. ఒక ముసలాయన ఓడెక్కడానికి ఛార్జీలో భాగంగా స్ట్రాబెర్రీ పళ్లు ఇస్తే, మిషన్ల పని చూసే పిల్ల అందులో ఒక పండు కొరికి కళ్లు మూసుకుంటుంది. చాలా రోజులకి నోటికి రుచి తగిలినోళ్ల ముఖం అట్లానే ఉంటుంది. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చొని తింటారు. ఆ బల్ల మాకు నచ్చింది. కెప్టెన్ తర్వాత పెత్తనం ఒక నల్లజాతి స్త్రీది. జోయి అని పేరు, జీనా టోరెస్ అనే నటి వేసింది. తుపాకీ పడితే ఆమె ముందు ఎవడూ నిలవడు. అదీ నచ్చింది.

మరి నచ్చనిదేంటి?

ఇది ఓడినోళ్ల కథ అని చెప్పారు మాకు. ఆ మాటకే ఆశపడి కూర్చున్నాం. కెప్టెన్ పేరు మాల్. పెద్ద ప్రభుత్వం ఒకటి అన్ని గ్రహాల్నీ తన కిందకి తెచ్చుకోవడానికి యుద్ధం చేస్తే, ఎదురు నిలిచి ఓడిపోయిన సిపాయి. వాళ్లు గోధుమరంగు కోట్లు వేసుకునేవాళ్లు. సరే, ఎందుకు ఎదిరించారు? మమ్మల్ని మా మానాన వదిలేయండి అన్నారంట. అంతే. భూమి కోసమా, కూలి కోసమా, ఓటు కోసమా? పద్నాలుగు భాగాల్లో ఎక్కడా తేల్చరు.

ఎందుకు తేల్చరంటే, ఈ కథ వేరు వేరేచోట ఉంది. దీన్ని తీసిన జాస్ వేడన్ అనే ఆయన అమెరికా అంతర్యుద్ధం మీద మైఖేల్ షారా రాసిన నవల చదివి ఈ ఆలోచన చేశాడు. యుద్ధంలో ఓడి, సరిహద్దు ప్రాంతాలకి పోయిన మనిషి బతుకు ఎట్లా ఉంటుందని ఆలోచించాడు. 1861 నుంచి 1865 దాకా జరిగిన ఆ యుద్ధంలో ఓడిందెవరు? దక్షిణాది బానిస యజమానులు. 1860 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు దగ్గర దగ్గర 40 లక్షల మంది. వాళ్లని చెయ్యి జారిపోనివ్వకుండా ఉంచుకోవడానికే దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి. మిసిసిపీ రాష్ట్రం 1861లో ఆ మాట దాచుకోకుండా కాగితం మీదే రాసుకుంది. ఓడిపోయాక మాత్రం ‘మేం స్వేచ్ఛ కోసం కొట్లాడాం’ అని పాట మార్చారు. కథలు రాశారు, విగ్రహాలు పెట్టారు, సినిమాలు తీశారు.

మాల్ బానిసల వ్యాపారి కాదు. ఒక భాగంలో బానిసల్ని అమ్ముకునేవాడి జేబు కొట్టి, వాడితో తన్నులాటకి కూడా దిగుతాడు. ఆ న్యాయం మేం చెప్పకపోతే తప్పు. అయితే చూడండి: ఓడిన దొర ముఖంలో ఉండే దిగులు తీసుకున్నారు, ఆ పాత కోటు తీసుకున్నారు, ఆ గుర్రాలు, ఆ తుపాకులు తీసుకున్నారు. ఆ యుద్ధం ఎవరి మెడ మీద జరిగిందో వాళ్లని మాత్రం కథలోంచి తీసేశారు. అప్పుడు ఓడిపోవడం అందంగా కనిపిస్తుంది. నిజంగా ఓడిపోతూ వచ్చినోళ్లకి ఓటమి అందంగా ఉండదు.

చైనా సంగతీ అంతే. ఈ కథలో అమెరికా, చైనా కలిసి ఆ కొత్త లోకాన్ని ఏలుతున్నాయి. అందుకని అందరూ చైనా భాషలో తిడతారు. గోడల మీద చైనా అక్షరాలు, బల్ల మీద తినే పుల్లలు. ఓడలో తొమ్మిది మందిలో చైనా మనిషి ఒక్కడూ లేడు! టామ్ అని ఇంటిపేరు పెట్టిన అన్నాచెల్లెళ్లని కూడా తెల్లనటులే వేశారు. భాష కావాలి, తిండి కావాలి, మనుషులు మాత్రం అక్కర్లేదు. ఈ వరస మనకి కొత్తదా?

ఇక ‘జేన్స్‌టౌన్’ అనే భాగం. అభిమానులు ఎక్కువగా మెచ్చుకునే వాటిలో ఇదొకటి. మాకు ఎక్కువ మండింది కూడా ఇక్కడే.

ఒక చిన్న ఉపగ్రహం. దాన్నంతా ఒక దొర ఏలుతుంటాడు. అక్కడి జనం పొద్దస్తమానం బురద తవ్వుతారు. ఆ మట్టితో గట్టి పింగాణీ సరుకు చేస్తారు. వాళ్లు కట్టుబడి కూలీలు, మన పాత మాటలో వెట్టోళ్లు. ఓడలో ఉండే జేన్ అనేవాడు కొన్నేళ్ల కిందట ఆ దొర సొమ్ము దోచుకొని పారిపోతుంటాడు. వాహనం కిందకి జారుతోందని బరువు తగ్గించుకోవడానికి ముందు తోటి దొంగని తోసేస్తాడు, తర్వాత డబ్బు పెట్టెలు తోస్తాడు. ఆ డబ్బు కూలీల మీద పడుతుంది. మా కోసం దోచి ఇచ్చాడని వాళ్లు వాడికి విగ్రహం కడతారు, పాట కడతారు. చివరికి నిజం బయటపడుతుంది. అయినా ఒక కుర్రాడు జేన్‌కి తగలాల్సిన గుండుకి అడ్డం పడి చచ్చిపోతాడు. జేన్ ఏడ్చినంత పని చేసి విగ్రహం పడగొట్టి వెళ్లిపోతాడు. విగ్రహం అవసరం నీది కాదు, వాళ్లది అని కెప్టెన్ వాడికి సర్దిచెబుతాడు.

నవ్వించారు, కాస్త ఏడిపించారు. మా ప్రశ్నలు వేరే. ఆ బురద కూలీల్లో ఒక్కడికైనా సొంత ఆలోచన ఉందా? కూలి ఎంతని ఒక్కరైనా అడిగారా? ఓడని దొర కదలనీయకుండా కట్టేస్తే, విడిపించిందెవరు? దొర కొడుకే! అడుగునున్నోళ్లు ఏమీ చేయలేరు, పైనుంచి డబ్బో దయో రాలాల్సిందే అన్నట్టుంది కథ.

విగ్రహం సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పల్లెల్లో అంబేద్కర్ విగ్రహం పెట్టడానికి మన పెద్దలు జాగా కోసం ఎంత తగాదా పడ్డారో, రాత్రిళ్లు ఎట్లా కాపలా కాశారో మీలో చాలామందికి తెలుసు. ఆ విగ్రహం పొరపాటున డబ్బు పారేసినవాడిది కాదు. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగించినవాడిది. పెట్టినోళ్లు అమాయకులు కాదు, ఎవరి విగ్రహం ఎందుకు పెడుతున్నారో తెలిసి పెట్టారు.

ఆ మట్టోళ్ల సంగతి తర్వాతి భాగంలో చెబుతారేమోనని చూశాం. ఓడ వేరే గ్రహానికి పోయింది. వాళ్ల ఊసే లేదు. సినిమాలోనూ లేదు.

సరే, చీకటి పడింది. ఆ జేన్స్‌టౌన్ భాగం మా దగ్గర ఉంది, గంటలోపే అయిపోతుంది. గోడకి తెల్లగుడ్డ కట్టారు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఆపి చెబుతాం. మట్టిపని చేసిన అక్కలు ముందు కూర్చోండి. ఆ కూలీలు తెల్లారి ఏం చేసి ఉంటారో ముందు మీరే మాట్లాడాలి.