పనికి పోయినవాళ్లు ఇంటికి రావాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఏదైనా స్ఫూర్తినిచ్చే మాట చెప్పమని నిర్వాహకులు అడిగారు. నా ఉద్యోగం అలాంటిది కాదు. యంత్రాల దగ్గర మనుషులు ఎక్కడ దెబ్బతింటారో ముందే వెతకడం నా పని. పెళ్లికి పోయినా టెంటు కింద కరెంటు వైరుకు అతుకు ఎక్కడుందో చూస్తానని మా ఆవిడ నవ్వుతుంది. నాకు తెలిసింది అదే కాబట్టి అదే చెప్తాను.

బయట వరండాలో పాత ఫొటోలు పెట్టారు, చూశారు కదా. మా బ్యాచ్‌లో ఎనిమిదో తరగతి ఫొటోలో ఉండి, పదో తరగతి ఫొటోలో లేని ఒకడున్నాడు. పేరు చెప్పను, మావాళ్లకు తెలుసు. వాళ్ల నాయిన జనగామలో ఒక బియ్యం మిల్లులో పనిచేసేవాడు. బెల్టు జారుతుంటే నడుస్తుండగానే సరిచేయబోయాడు. భుజం మీది తువ్వాల పుల్లీలో చిక్కింది. తువ్వాల వెంట చెయ్యి పోయింది. ఊరంతా ‘వాని రాత’ అన్నది. మిల్లు మర్నాడు మామూలుగానే నడిచింది. మా దోస్తు మాత్రం బడి మానేసి వాళ్లమ్మతో పత్తి ఏరడానికి పోయాడు. మేం రెండు రోజులు బాధపడి, తర్వాత మర్చిపోయాం.

ఉద్యోగంలో చేరాక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మొదటిసారి చదివాను. 21వ సెక్షన్ ప్రకారం యంత్రాల్లో తిరిగే ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండాలి. 22వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. నడుస్తున్న యంత్రం దగ్గర పని తప్పనిసరైతే, అందుకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషే, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు వేసుకునే చేయాలి. ఆ బట్టలు యజమానే ఇవ్వాలి. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మేం పుట్టకముందే ఎవరో ఆ తువ్వాల గురించి ఆలోచించి, చట్టంలో రాసి పెట్టారు. ఒక జాలీ గార్డు, ఒక జత బట్టలు ఉంటే సరిపోయేది. మనం దాన్ని రాత అన్నాం.

అయితే మిల్లు యజమానిని తిట్టడానికి నాకు పెద్దగా హక్కు లేదు. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక కన్వేయర్ బెల్టుకు రోలరు మార్చాల్సి వచ్చింది. ‘కరెంటు తీసేశాం, స్విచ్‌కు తాళం వేశాం’ అన్న గడి దగ్గర నేను సంతకం చేయాలి. చేశాను. పోయి చూడలేదు. భోజనం వేళ, ఆకలి మీదున్నాను. కంట్రోల్ రూములో ఎవరో ఇంకో బెల్టు అనుకుని స్టార్ట్ చేశారు. ఫిట్టరు అప్పుడే నీళ్లు తాగడానికి చెయ్యి బయటికి తీశాడు. అతని పానా రోలరులో నలిగి వంకర పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి అది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నేనూ నోరు విప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత కొత్త కుర్రాళ్లకు క్లాసు చెబుతూ మొదటిసారి బయటపెట్టాను. ఇప్పుడు నా కింద పనిచేసే ప్రతి ఒక్కరికీ తన తాళం, తన తాళంచెవి. పని అయ్యాక ఎవరి తాళం వాళ్లే తీయాలి. కాగితాన్ని నేను నమ్మను.

మన బడి మొదలైన 1975లోనే, డిసెంబరు 27న, ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి పాత గనిలో నిలిచిన నీళ్లు గోడ పగిలి దూసుకొచ్చాయి. 370 మందికి పైగా చనిపోయారు. నిలిచిన నీటి భయం మన గడప దాకా కూడా వచ్చింది. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. భూపాలపల్లి కేటీకే గనుల్లో మన బడి పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు కాబట్టి ఇది చెప్తున్నాను. పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే, రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు తవ్వొద్దని నిబంధన ఉంది. కానీ 60 మీటర్లు కొలవాలంటే పాత గని మ్యాపు సరిగా ఉండాలి. మ్యాపు తప్పైతే నిబంధన కూడా గుడ్డిదే. సర్వేయరు ఉద్యోగం చిన్నదని అనుకునే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, ఆ మాట మార్చుకోండి.

నీళ్లు, పైకప్పు ఒక్క క్షణంలో చంపుతాయి. దుమ్ముకు తొందర లేదు. మహబూబాబాద్ వైపు గ్రానైట్ క్వారీల్లో, కటింగ్ షెడ్లలో రాయిని పొడిగా డ్రిల్ చేస్తే లేచే తెల్లటి దుమ్ము మనకు కనిపిస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేది మాత్రం కంటికి కనిపించనంత సన్నటిది. మూతికి కట్టిన రుమాలు దాన్ని ఆపదు. కొన్నేళ్లకు ఆయాసం, దగ్గు. ఎక్స్‌రే చూసి టీబీ అనుకుని మందులు రాసేస్తారు. సిలికోసిస్ వస్తే తగ్గదు, రాకుండా చూసుకోవడమే. డ్రిల్లు మొన దగ్గర నీటి ధార పెడితే దుమ్ము చాలావరకు అక్కడే అణగిపోతుంది. దానికి పెట్టాల్సింది పైపు, చిన్న మోటరు, అంతే. మన డాక్టర్ మిత్రులకు ఒక మాట. సిలికోసిస్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. దగ్గుతో వచ్చినవాణ్ని ‘ఏం పని చేస్తావు, ఎన్నేళ్లుగా చేస్తున్నావు’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చీటీ మీద ఎక్కితే అతని ఇంటివాళ్లకు రేపు పరిహారం అడిగే దారి ఉంటుంది.

ఇక కొత్త చట్టం సంగతి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 13 పాత చట్టాలు ఇందులో కలిశాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి, నిర్ణయించిన వర్గాల వాళ్లకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి అంటుంది. ఇవి మంచివే. నాకు నచ్చనిది ఒకటుంది. ఇదివరకు కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. మన జనగామ చుట్టుపక్కల చిన్న మిల్లులు, జిన్నింగులు, రాతి పాలిషింగ్ షెడ్లు ఎన్నింటిలో 20 మంది ఉంటారు? 10 మంది ఉన్న చోటికి కోడ్ వర్తిస్తుంది, కానీ ఫ్యాక్టరీకి ఉండే పట్టింపు ఉండదు. పుల్లీకి మాత్రం లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తెలియదు.

మన పూర్వ విద్యార్థుల్లో మిల్లులున్నవాళ్లు, క్వారీ కాంట్రాక్టర్లు ఇక్కడే కూర్చున్నారు. నాకు మొహమాటం లేదు, చిన్నప్పుడు మీతో గోటీలాడినవాణ్నే. ఇన్‌స్పెక్టర్ వస్తాడని కాదు, ఒకసారి నన్ను పిలవండి. ఒక పూట తిరిగి చూస్తాను, చాయ్ పోస్తే చాలు. ఇద్దరు అప్పుడే ఒప్పుకున్నారు. రేపు పొద్దున 10 గంటలకు మొదటి మిల్లుకు పోతున్నాం. ఆ ఎనిమిదో తరగతి ఫొటోలోని మా దోస్తు కూడా వస్తానన్నాడు. వాడిప్పుడు వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. బెల్టు గార్డులకు కొలతలు వాడే తీసుకుంటాడు.