కాగితం ఫోన్లోనే ఉండాది, యాడుందో తెలియాల

(నగరిలో సంక్షేమ పథకాల లబ్ధిదారుల సమావేశంలో మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయిన వాళ్ల కోసం పీడీఎఫ్‌గా పంపిస్తున్నాం. చదివి, ఇంటి పక్కనోళ్లకు కూడా పంపండి.)

"ఆదాయ సర్టిఫికెట్టు తెచ్చినావా అక్కా?" అని అడిగితే, "ఫోన్లో ఉండాదమ్మా" అంటారు. ఫోన్ తీసి కిందికీ పైకీ తోస్తారు. గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పెండ్లి ఫోటోలు, తిరుత్తణి పోయొచ్చిన వీడియోలు అన్నీ వస్తాయి, సర్టిఫికెట్టు మాత్రం రాదు. చివరికి "రేపొస్తాలేమ్మా" అని వెళ్లిపోతారు. ఆ రేపటికి గడువు దాటిపోతే?

నా సంగతి కూడా చెప్తాను. ఒకసారి ఫోన్లో జాగా నిండిపోయిందని పనికిరాని వీడియోలతో పాటు ఒక ఫోల్డర్ మొత్తం తీసేసినాను. మా అమ్మ కాగితాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. మళ్లీ తెప్పించుకోవడానికి అమ్మ రెండు రోజులు కండెలు చుట్టే పని మానుకొని తిరిగింది. రెండు రోజుల కూలి పోయింది. తప్పు నాదే. అందుకే ఈ మాటలు చెప్తున్నాను.

మొదట, ఫోన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మర మగ్గాల షెడ్డులో మేస్త్రీ ఉంటాడు కదా. ఏ మగ్గం నడవాలో, ఏ నూలు యాడ పెట్టాలో ఆయన చూసుకుంటాడు. ఫోన్లో, కంప్యూటర్లో అట్లాంటి మేస్త్రీ పేరే ఆపరేటింగ్ సిస్టమ్. మీ చేతుల్లో ఉన్న ఎక్కువ ఫోన్లలో అది ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్‌తో మొదటి ఫోన్ 2008లో వచ్చింది. నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేది విండోస్. రెండింటిలోనూ కాగితాలు దాచే పద్ధతి ఒకటే. ఒక్కో కాగితం ఒక ఫైలు. ఫైళ్లను పెట్టే సంచి ఫోల్డర్.

మేస్త్రీ మనం పెట్టిన చోట పెడతాడు. చోటు చెప్పకపోతే తనకు తోచిన చోట పెడతాడు. నెట్ నుంచి తీసుకున్నవి 'డౌన్‌లోడ్స్‌'లో, కెమెరాతో తీసినవి 'కెమెరా'లో, వాట్సాప్‌లో వచ్చినవి వాట్సాప్ ఫోల్డర్లో పడతాయి. కాగితం పోలేదు, మనం వెతికే చోట లేదు, అంతే.

ఇంటికి పోయి ఈ పనులు చేసుకోండి.

1. ఫోన్లో 'ఫైల్స్' లేదా 'మై ఫైల్స్' అనే యాప్ తెరవండి. 'ఇంటి కాగితాలు' అని కొత్త ఫోల్డర్ చేయండి.

2. కాగితాలన్నీ దాంట్లోకి తెచ్చుకోండి. ఫైలు మీద వేలు నొక్కి పట్టుకుంటే 'మూవ్', 'కాపీ' అని వస్తుంది. మూవ్ అంటే చోటు మార్చడం. కాపీ అంటే ఇంకొకటి చేయడం.

3. పేరు మార్చండి. నంబర్లతో ఉన్న పేరు మనకు గుర్తుండదు. 'రీనేమ్' నొక్కి 'అమ్మ ఆధార్', 'పెద్దపాప ఆదాయం 2025' అని పెట్టుకోండి. కొన్ని వెబ్‌సైట్లు తెలుగు అక్షరాల పేరు తీసుకోవు. అట్లాంటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. పేరు చివర చుక్క తర్వాత ఉండే పీడీఎఫ్, జేపీజీ అనే అక్షరాలను మాత్రం తీసేయొద్దు. ఫైలును దేంతో తెరవాలో వాటిని బట్టే తెలుస్తుంది.

4. సైజు చూడండి. 1 ఎంబీ అంటే సుమారు 1,000 కేబీ. '200 కేబీ లోపల' అని అడిగిన చోట 3 ఎంబీ ఫోటో ఎక్కదు. అది మీ కాగితంలో తప్పు కాదు. సైజు తగ్గించి మళ్లీ పెట్టాలి. తగ్గించినాక అక్షరాలు చదవడానికి వస్తున్నాయో లేదో చూడండి.

ఇ-ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆధార్‌లో ఉన్న పేరులో మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో కొట్టి, వాటి పక్కనే పుట్టిన సంవత్సరం వేయండి.

ఫోన్ నీళ్లలో పడొచ్చు, బస్సులో పోవచ్చు. అందుకే రెండో చోట ఇంకొక కాపీ ఉండాల. డిజిలాకర్‌లో ఆధార్‌కు కలిపిన నంబరుతో చేరండి. ప్రభుత్వ శాఖలు అందులో నేరుగా ఇచ్చిన పత్రాలు చట్టం ప్రకారం అసలు వాటితో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించినవాటికి ఆ విలువ రాదు. రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ సేవ 2025 జనవరి 30న మొదలైంది, నంబరు 95523 00009. దాంట్లో వచ్చిన పీడీఎఫ్‌ను చాట్‌లోనే వదిలేయకుండా మీ ఫోల్డర్లో దాచుకోండి.

పొరపాటున తీసేస్తే భయపడొద్దు. గూగుల్ ఫైల్స్ యాప్‌లో తీసేసినవి 30 రోజులు 'ట్రాష్‌'లో ఉంటాయి. 'రీస్టోర్' నొక్కితే తిరిగొస్తాయి.

నెట్ సెంటర్లో మాత్రం దీనికి ఎదురు పని చేయాల. పని అయ్యాక మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫైళ్లు ఆ కంప్యూటర్లో నుంచి తీసేయమనండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనండి, లేకుంటే ఫైలు దాంట్లోనే ఉండిపోతుంది. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లాగౌట్ చేయండి. అడగడానికి మొహమాటం వద్దు, ఆ కాగితం మీది. ఓటీపీ ఎవరడిగినా ఫోన్లో చెప్పొద్దు.

ఈ రోజే ఒక్క ఫోల్డర్ చేయండి. రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లోళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ ఫోన్ మీ చేతిలోనే ఉండాల, వేలు మీదే నొక్కాల. ఈసారి "సర్టిఫికెట్టు యాడుంది అక్కా?" అని అడిగితే, "ఇదిగోమ్మా" అని మీరే చూపించాల.